రోబో కోడి కోసం గొంతు తగ్గించుకున్న ఇల్లు

కోడిపిల్లలు తల్లిని చూసి ఏమేం నేర్చుకుంటాయన్నది నా పరిశోధన. నిజమైన తల్లిని మనం అనుకున్నట్టు నడిపించలేం కదా, అందుకని ఈకలు తొడిగిన ఒక రోబో కోడిని తయారు చేసుకున్నాం. అది చక్రాల మీద కదులుతుంది, ముక్కుతో గింజలు పొడుస్తుంది, లోపలి స్పీకరులోంచి కొక్కొక్కుమని పిలుస్తుంది. పొట్ట కింద వెచ్చగా కూడా ఉంటుంది.

నందికొట్కూరులో ఒక ఇంటి పెరట్లో రేకుల గది అద్దెకు దొరికింది. ఇంటాయనకు పరుపుల అంగడి. ఇంటావిడను అక్కా అన్నట్టుగా నేను ఆపా అని పిలిచేదాన్ని. ఆమె వంటింట్లో నవ్వితే వీధి చివరికి వినబడేది.

మొదటి విడత పిల్లలు హేచరీ నుంచి వచ్చిన రోజే ముసురు పట్టింది. పొద్దున పోయిన కరెంటు రాలేదు. మధ్యాహ్నానికి రోబో ఛార్జి అయిపోయి పొట్ట చల్లబడింది. పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి అరుస్తున్నాయి. ఆ అరుపులకు ఆపా పరుగెత్తుకొచ్చింది.

“ఏం పాపా, అట్లా నిలబడి చూస్తాండావు? సచ్చిపోతాయి అవి. ఈడికి తే!”

దూది పరిచిన గంపలో వాటిని వేసుకుని, పైన తన శాలువా కప్పి, సాయంత్రం దాకా వాటితో కబుర్లు చెబుతూ కూర్చుంది. అన్నీ బతికాయి. మరునాడు కరెంటు వచ్చాక మాత్రం రోబో ఎంత పిలిచినా ఒక్కటీ అటు పోలేదు. ఆపా గొంతు వినబడగానే బిలబిలమంటూ ఆమె కాళ్ల వెంట పడ్డాయి. ఆమె పకపకా నవ్వి, నా మొహం చూసి ఆగిపోయింది.

“నా వల్ల నీ పని చెడిపోయినాదా?”

“బతికించినావు ఆపా, అది చాలు.”

మనసారా అన్న మాటే అది. ఆ పిల్లల్ని ఆమెకే ఇచ్చేశాను. మొదట విన్న గొంతునే తల్లి అనుకుంటాయి గనుక, వచ్చే విడత పిల్లల చెవిన మనిషి గొంతు పడకూడదని మాత్రం చెప్పాను.

నేను అడిగింది అంతే. కొత్త పిల్లలు రాకముందే ఆపా పాతవాటిని కోడుమూరులో పుట్టింటికి పంపేసింది. బట్టలు పెరట్లో కాకుండా మిద్దె మీద ఆరేసింది. ఫోను మోగితే ఇంటాయన వీధిలోకి వెళ్లి మాట్లాడేవాడు. నాకు టీ తెచ్చినప్పుడు ఆపా గాజులు మోచేతి పైకి లాక్కుని, గ్లాసు గడప మీద పెట్టి, సైగ చేసి వెళ్లిపోయేది. చుట్టాలొస్తే, “మెల్లగా అప్పా, లోపల చదువు జరుగుతాండాది” అని గుసగుసగా చెప్పేదట.

ఈసారి పిల్లలు రోబో వెంటే నడిచాయి. అది జొన్న నూక పొడిస్తే అవీ జొన్న నూకే, సజ్జ నూక పొడిస్తే అవీ సజ్జ నూకే. తలుపు సందులోంచి వాటిని చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఆఖరి వీడియో తీసి బయటికొచ్చేసరికి ఆపా పెరట్లో నిలబడి ఉంది.

“ఇంగ మాట్లాడొచ్చునా?” అంది, పెదవులతోనే.

తలూపాను. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

“ఆకలి మీద ఉండావు, దా పాపా,” అంటూ ఆమె నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. వేడి రొట్టె ముందు పెట్టి, ఇన్నాళ్లూ ఆపుకున్న ఊరి ముచ్చట్లన్నీ మొదలుపెట్టింది.