గున్నయ్య పది వేళ్లు

పలాస దగ్గర ఆ ఊళ్లో సూది కనబడితే వీధంతా జీడితోటల్లోకి పారిపోతుంది. కిడ్నీల జబ్బు పరీక్షలకని పదిహేనేళ్లుగా ఎవరెవరో వచ్చి రక్తం తీసుకుపోతూనే ఉన్నారు మరి. గున్నయ్య ఒక్కడే అరుగు మీద కదలకుండా కూర్చుని చెయ్యి చాస్తాడు. కుళాయి నీళ్లు చప్పగా ఉంటాయని అతను తాగేది తన తోటలోని పాత నూతి నీళ్లే. నీళ్లలోని పురుగు ఒంట్లో చేరితే రక్తంలో గుర్తు మిగులుతుందట; అది చూడ్డానికి ఇంటికో రక్తపు చుక్క కావాలని ఈసారి సర్వే చేసే సుధారాణి వచ్చింది. "పదిళ్లకీ తాళాలేటి మావా?" అంది దిగులుగా. "నా సేతులకి పదేళ్లున్నాయి కదే. ఈ బొటనేలు మత్తయి ఇల్లు, సిటికినేలు రూతమ్మ ఇల్లు. రాసుకో," అన్నాడు గున్నయ్య. సుధారాణి ఒక్కో వేలూ గుచ్చి ఒక్కో ఇంటి పేరూ రాసుకుంది.

పదిళ్లకీ ఒకటే రోగమని తేలింది. ఆఫీసర్లు హడలిపోయి వీధి కుళాయిల గొట్టాలన్నీ కొత్తవి వేయించారు. ఏడాది తిరిగాక మళ్లీ అవే వేళ్లు, మళ్లీ అదే రోగం. ఒక్క ఇల్లూ బాగుపడలేదేమిటని పెద్ద డాక్టరే దిగాడు. సుధారాణి నేల చూపులు చూస్తోంది. గున్నయ్య చెంబెత్తి నూతి నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఈ ఈదోళ్లు సెప్తే ఇనరు బాబూ," అన్నాడు జాలిగా. "ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు తాగెత్తారు."