ప్రసూన చెరిపిన ముగ్గు

కొత్తచెరువులో ప్రసూనను ఎరగనివాళ్లు తక్కువ. ప్రైవేటు బడిలో టీచరు. తనకల్లులో వాననే నమ్ముకుని సేద్యం చేసే గంగాధరప్ప కూతురు. మాట కటువైనా మనసు మెత్తన అని ఊళ్లో అంటారు. ఆమె మొగుడు దివాకర్‌ను అడిగితే రెండూ కటువే అంటాడు. అన్నాక నవ్వుతాడు. ఆ నవ్వులో గర్వం దాచుకోవడం అతనికి చేతకాదు.

పెళ్లయిన నాటి నుంచి వాళ్లవి అద్దె కొంపలే. ఇంటాయన మోటారు వేస్తేనే స్నానం. ఎట్టకేలకు ఊరి చివర స్థలం కొన్నారు. ఇద్దరి జీతాలూ చూసి బ్యాంకువాళ్లు ఇంటి లోనుకు సరేనన్నారు. ఆఖరి సంతకాలే మిగిలాయి. ఈలోగా ఆషాఢం ముంచుకొస్తోంది. శూన్యమాసంలో ఇంటి పని మొదలుపెట్టకూడదని దివాకర్ తల్లి నారాయణమ్మ తొందరపెట్టింది. ముందే మంచిరోజు చూసి పూజ చేశారు. మేస్త్రి నల్లప్ప మూడు గదులకూ వంటింటికీ కొలతలు పట్టి, పునాది తీయాల్సిన చోట నేల మీద ముగ్గు పోశాడు. మన సీమలో ముహూర్తానికి భయపడినంతగా ఎవరూ బ్యాంకుకు భయపడరు.

సరిగ్గా ఆ వారమే దివాకర్ పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఆర్డర్లు లేవని సూపర్‌వైజర్లను తీసేశారు. అతను ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే భార్యకు చెప్పాడు.

"సంతకాలయ్యేదాకా ఎవురికీ చెప్పొద్దు. నా జీతం కాగితాలు వాళ్ల దగ్గరే ఉండాయి. మళ్లా ఎవురడగతారు?"

"వాళ్లు అడగరు. అప్పు కంతు మాత్రం నెలనెలా అడగతాది," అంది ప్రసూన.

"అంతలోకి నాకు ఇంకో పని దొరకదా?"

"దొరకతాది. దొరికినాకే ఆ జీతం లెక్కలోకి. తడీ పదనూ లేని నేలలో ఇత్తనమేసి, మొలవలేదని వానను తిట్టే పని నాకొద్దు. మా నాయన ఎన్నడూ అట్ల చేయలే."

దివాకర్‌కు ఒళ్లు మండింది. తన పని పోయిన సంగతి భార్య నోట బ్యాంకులో వినడమంటే అతనికి తల తీసేసినట్టే.

మర్నాడు బ్యాంకులో మేనేజరు కాగితాలు ముందుకు జరిపి, అందరినీ అడిగే మాటే అడిగాడు. "మీ ఆదాయంలో మార్పేమైనా ఉందా?"

లేదనడానికి దివాకర్ నోరు తెరిచాడు.

"ఉండాది సార్," అంది ప్రసూన. "ఈయనకు పని పోయింది. నా జీతమొక్కటే చూసి ఎంతిస్తారో చెప్పండి."

మేనేజరు పెన్ను మూసి, "ఇప్పుడే చెప్పి మంచి పని చేశారమ్మా," అన్నాడు. మళ్లీ లెక్క వేస్తే ఒక గది, వంటిల్లు మాత్రమే తేలాయి. కొత్త కాగితాలు వచ్చిన రోజు ప్రసూన చకచకా సంతకం పెట్టింది. చేతికందిన ఇంటిని సగానికి తగ్గించుకునే గుండె ఎందరికుంటుంది? దివాకర్ మాత్రం తలెత్తకుండా పెట్టాడు.

అప్పటికి శ్రావణం వచ్చింది. చినుకు పడితే కదా, ముగ్గు పోసింది పోసినట్టే ఉంది. రెండు గదుల ముగ్గు తీసేయాలనేసరికి నారాయణమ్మ అడ్డం నిలబడింది.

"ఏమ్మే, పూజ చేసి పోసిన ముగ్గు చెరిపితే ఇంటికి కీడు."

"తీర్చలేని అప్పుకంటే కీడు ఏముండాది అత్తా," అంటూ ప్రసూన చీపురు అందుకుని రెండు గదుల గీతలు తానే ఊడ్చేసింది.

ఆ ఇంట్లో తన వాటానే ఊడ్చేస్తున్నట్టు అనిపించింది దివాకర్‌కు. వెనక్కి తిరిగి పోబోయాడు.

అప్పుడే ప్రసూన మేస్త్రిని పిలిచింది. "నల్లప్పన్నా, పునాది లేపినాక పడమటి పక్క ఇనుప కమ్ములు కోసేయొద్దు. బయటికి వదిలిపెట్టు."

"యాలమ్మా? ఇల్లు ఆడికే అయిపోతాది గదా."

"అయిపోదు. ఆ రెండు గదులూ మా ఆయప్ప జీతంతో కట్టేవి. పని దొరికినాక ఆ కమ్ములకే కలిపి ఎత్తాల."

దివాకర్ ఆగిపోయాడు. మొహం తుడుచుకుని, లుంగీ ఎగగట్టి, నల్లప్ప పక్కనున్న గడ్డపార అందుకున్నాడు. ఆ పూట మేస్త్రి వేరే కూలీని పిలవలేదు.