పాపగారి దుబాసీ

మా మామగారికి ఉన్న జబ్బు ఒక్కటే: అనువాదం. కోర్టులో సాక్షుల మాటలను జడ్జికి తర్జుమా చేసే దుబాసీగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో అందరం ఒకే భాష మాట్లాడి ఆయన నోరు కట్టేశాం. నేను కూతుర్ని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చానో లేదో, ఆయన మళ్ళీ డ్యూటీ ఎక్కేశారు.

పాప ఆవులిస్తే చాలు, ఉయ్యాల పక్కన నిటారుగా నిలబడి గొంతు సవరించుకునేవారు.

"'చూసింది చాలు, కాసేపు నన్ను వదిలేయండి' అని మనవి చేసుకుంటోంది."

ఎక్కిళ్ళు వస్తే, "'అభ్యంతరం! అభ్యంతరం!' అంటోంది."

ఏడిస్తే ఎత్తుకోరు. కళ్ళు మూసుకుని వింటారు.

"మామయ్యా, గుడ్డ తడిసింది! ముందు మార్చండి!"

"ఉండమ్మా, వాక్యం మధ్యలో ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయేది. నిద్రలేక కళ్ళు పీక్కుపోతుంటే పైన ఈ ప్రసంగాలొకటి! మా ఆయనతో మొరపెట్టుకుంటే, "నాన్న చెప్పింది తప్పని పాప అందా?" అని నవ్వేశారు. తండ్రికి తగ్గ కొడుకు.

ఒక ఆదివారం మామగారి అక్కగారు చుట్టాలను వెంటేసుకుని దిగారు. పాప ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. కాసేపు చూసింది, ముఖం తిప్పుకుంది, ఆవులించింది, ఆఖరికి గుక్కపట్టింది.

"నీకు పాలు చాలట్లేదే అమ్మాయ్," అక్కగారు తేల్చేశారు. "డబ్బా పాలు పట్టు."

పిల్ల బాగా పెరుగుతోందని డాక్టరమ్మ మొన్ననే తూచి చెప్పింది. అయినా నా కళ్ళనిండా నీళ్ళు.

మామగారు గొంతు సవరించుకున్నారు. అయిపోయింది, ఇప్పుడు ఈయనొకరు తక్కువ, అనుకున్నాను.

"'నా కడుపు నిండే ఉంది. మా అమ్మ దగ్గర పాలకి లోటు లేదు. ఇన్ని ముఖాలు చూసి అలిసిపోయాను. అందరూ హాల్లోకి దయచేయండి.'"

"అంత పొడుగు మాట అదే అందిట్రా?"

"ఒక్క ముక్క కలపలేదక్కా."

"కలపకపోతే నా చెవులు కోయించుకుంటా!"

అప్పటికే ఆయన తలుపు బార్లా తెరిచి నిలబడ్డారు. గొణుక్కుంటూ అందరూ కదిలారు. మామగారు కర్టెన్ దించి, పాపని నా ఒళ్ళో పెట్టారు.

"ఇక నువ్వు మాట్లాడమ్మా. పుట్టకముందు నుంచీ అది బాగా ఎరిగిన గొంతు నీదే," అన్నారు, కర్టెన్ మడతలు సర్దుతూ.

"ఏమిటే తల్లీ," అన్నాను. ఏడుపు సన్నగిల్లి ఆగింది. తల మెల్లగా నా వైపు తిరిగింది. కళ్ళు వెతుక్కుంటూ వచ్చి నా ముఖం మీద నిలిచాయి. అంతలో బుల్లి తుమ్ము.

మొట్టమొదటిసారి నేనే అడిగాను.

"ఏమంటోంది మామయ్యా?"

ఆయన నా వంక జాలిగా చూశారు.

"తుమ్మిందమ్మా. తుమ్ముకి అర్థమేముంటుంది!"