పిలిస్తే వచ్చిన కోడి

ఆ రోజుల్లో తెలివి అంటే పని తొందరగా తెమల్చడమేనని నా నమ్మకం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గోదావరిఖని దగ్గర బొగ్గుబాయి కార్మికుల కాలనీలో మా కాపురం మొదలైంది. వచ్చేటప్పుడు మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం) రెండు పెట్టలు, ఒక పుంజు ఇచ్చి పంపింది. అవి కోళ్ళు కావు, చుట్టాలు. "బా బా" అంటే చాలు, వచ్చి అరచేతిలో నూకలు తినేవి. వాటి సంతతి క్వార్టరు వెనకంతా నిండింది. చాలావరకు తల్లుల్లాగే మాలిమివి, ఏవో కొన్ని మాత్రం పుట్టుకతోనే బెదురువి.

మా ఆయన ఫస్టు షిఫ్టు దిగి ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. "జల్ది కోడి కొయ్యి, అన్న ఆకలి మీదున్నడు!" గోడ దూకే కోడి వెంట ఎవరు ఉరుకుతారు? "బా బా" అనేదాన్ని. ముందు ఏది వస్తే దాని పని అయిపోయేది. (ఈ ఉపాయం పక్కింటి అక్కకు కూడా గొప్పగా చెప్పాను.)

నాలుగైదేళ్ళకు పిలిస్తే ఒక్కటీ వచ్చేది కాదు. అన్నీ చెట్టెక్కి పడుకునేవి. ఒకదాని వెంటపడి మా ఆయన బురదలో బోర్లాపడ్డాడు. "ఇవి కోళ్ళా, కొంగలా?"

"నన్ను చూసి భయం నేర్చుకున్నయి" అన్నాను. ఇంటర్లో బైపీసీ చదివే మా ఆడబిడ్డ పకపకా నవ్వింది.

"అవి ఏం నేర్చుకోలే వదినె. మాలిమివాటిని మనం తిన్నం. బెదురువి బతికి గుడ్లు పెట్టినయి, పిల్లలకు గా గుణమే వచ్చింది. అడవిల గద్ద, నక్క చేసే ఏరుడు ఇంట్ల నువ్వు చేసినవు. రెండు మందలు విడిపోయి, గిట్ల వేల ఏండ్లు నడిస్తే, ఒకదానితోని ఒకటి జతకూడనంత మారితయి. గప్పుడు కొత్త జాతే పుడతది."

"అంటే నేను గద్దనా?"

"గద్దే నయం. దానికి బద్ధకం లేదు."

నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఊళ్ళో కోళ్ళకు రోగం తగిలి అవ్వ దగ్గర ఒక్కటీ మిగలలేదట. బస్సు దిగి వస్తూనే, "నీ తాన మన జాతి ఉన్నది గద బిడ్డా, ఒక జత ఇయ్యి. మీ అమ్మమ్మ నాటి సంది వస్తున్నయి" అంది. మెట్టు మీద కూచుని, గుప్పెడు నూకలతో చెయ్యి చాచి, "బా బా బా" అని పిలిచింది. గోడ మీద నుంచి మెడలు సాచి చూశాయే తప్ప ఒక్కటీ దిగలేదు. ఆమె చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.

ఏడుపు ఆపుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవ్వ తిట్టలేదు.

"నేను ఎన్నడైన ఉరికేదాన్నే కోసిన బిడ్డా. పట్టేటాళ్ళకు పానం పోయేది. మీ అమ్మమ్మ గూడ గంతే. ఏది కోయాలెనో నీకు చెప్పాలన్న సోయి లేకపాయె నాకు."

బెదురువాటిని పట్టిస్తానన్నా వద్దని, తప్పు తనదే అన్నట్టు ఒట్టి చేతులతో వెళ్ళిపోయింది. ఎన్ని తరాల ఆడవాళ్ళో ఆయాసపడి నిలిపిన మాలిమిని నేను నాలుగైదేళ్ళలో కూర వండేశాను. అలాంటి కోడి మళ్ళీ నా చేతికి రాలేదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, లేవడానికి గోడ పట్టుకునేటప్పుడల్లా ఒకటే అనుకుంటాను: ఉరికే కాళ్ళున్న రోజుల్లో నాలుగడుగులు ఉరికితే నీ సొమ్మేం పోయేదే పిచ్చిదానా!