సముద్రపు బూజుకు పురుడు

నాకు ఇరవై మూడేళ్ళున్న రోజుల్లో ఈ లోకంలో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. వ్యవసాయం చదివి, ప్రొద్దుటూరులో ఒక చిన్న జీవ ఎరువుల కంపెనీలో అప్పుడే చేరాను. చేరానంటే ఏం లేదు, ఆరు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. ఉంచుకోకపోతే మా మేనమామ బట్టల అంగట్లో గుడ్డ కొలిచే పని నా కోసం కాచుక్కూర్చుంది. (ఆయన అప్పటికే నాకని ఒక మీటరు బద్ద విడిగా తీసిపెట్టాడని మా అమ్మ సంబరంగా చెప్పింది.) ఆ బద్ద గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఉద్యోగం మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చేది.

మా సరుకు సముద్రపు బూజు. దానికి శాస్త్రంలో ఇంత పొడుగు పేరుంది గానీ, నోరు తిరగక మేమందరం అలాగే అనేవాళ్ళం. సముద్రం ఒడ్డున మడ అడవుల బురదలోంచి తీసి, ప్రయోగశాలలో పెంచి, పొడి చేసి పాకెట్లలో పంపేవాళ్ళు. దాన్ని మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఆరకుండా నీడన పదిహేను రోజులుంచితే కుప్పంతా పచ్చగా అల్లుకుంటుంది. ఆ ఎరువు చెట్ల మొదళ్ళలో వేస్తే, వేళ్ళను కుళ్ళబెట్టే చెడ్డ బూజును ఈ మంచి బూజు అణిచేస్తుంది. విషపు మందులతో పనిలేదు. ఇంత గొప్ప సంగతి చెబితే జనం ఎగబడి తీసుకుంటారనుకున్నాను. జమ్మలమడుగు పక్క శనగ రైతులు నాకు టీ తాగించి, బస్సెక్కించి, బస్సు కదిలేదాకా ఉండి చెయ్యి కూడా ఊపారు. పాకెట్టు మాత్రం ఒక్కరూ తీసుకోలేదు. నాలుగు నెలలు ఇట్లాగే గడిచాయి.

చివరికి పులివెందుల దగ్గర చీనీ (అదే, బత్తాయి) తోట రైతు ఒకాయన ఒప్పుకున్నాడు, ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. ఆయన చెట్లు వరసగా ఎండిపోతున్నాయి, కొట్టని మందు లేదు. "అన్నీ అయిపాయె, నీ బూజు ఒగటి మిగిలింది. అదీ చూద్దాం రా అప్పా" అన్నాడు. మా కంపెనీ శాస్త్రవేత్త మేడమ్ (విశాఖ వైపు మనిషి, మాట మెత్తన, చూపు గట్టి) నన్ను పిలిచి, "ఇది నీ ఆఖరి అవకాశమయ్యా. పదిహేనో రోజు నేనే వచ్చి చూస్తాను. పాకెట్టుతో ఇచ్చే కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువు, సొంత తెలివి వాడకు" అని పంపింది.

కాగితం చదవడం నాలాంటి పండితుడికి నామోషీ కదా! మోటారు షెడ్డు ముందు పదిమంది చేరారు. నేను 'సముద్రం' అనగానే ఒకాయన అందుకున్నాడు: "అంతదూరం పోయి బూజు తెస్తివా? ఆ చేత్తోనే రెండు ట్యాంకర్ల నీళ్ళు తేకపోతివా!" ఇంకొకామె, "బూజు కోసరం సముద్రం దాంక పోవల్లనా? మా ఇంట్లో ఊరగాయ జాడీలో కావాల్సినంత ఉండాది" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నా ముఖం జేవురించింది. నవ్వనిది ఒక్కతే, మామ వాళ్ళమ్మ. ఆ చుట్టుపక్కల కాన్పులన్నీ ఒకప్పుడు ఆమె చేతిమీదే జరిగాయి కాబట్టి ఊరంతా పురుళ్ళవ్వ అనేవారు. ఆమె ముందుకు జరిగి, "అంటే ఆ పొడికి పాణం ఉండాదా అబ్బీ?" అని అడిగింది.

అదిగో, అప్పుడు పుట్టింది నా తెలివి. "ఉండాదవ్వా! ఇది మందు కాదు, పాణం. పచ్చి బాలింత అనుకో. బాలింతను ఎట్ల చూసుకుంటావో అట్ల చూసుకోవల్ల" అన్నాను. నవ్వులు టక్కున ఆగిపోయాయి. అవ్వ తల పంకించి, "అంతే గదా, నాకిడ్సిపెట్టు నాయనా" అంది. పొడిని ఎరువు కుప్పలో కలిపించి, ఆ పొద్దు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పోలిక నాకెలా తట్టిందా అని నాకు నేనే మురిసిపోయాను.

రెండు రోజులకోసారి మామకు ఫోన్ చేసేవాణ్ణి. "ఎట్లుంది మామా?" "దానికేమప్పా, మహారాణి! మాయమ్మ దాని పక్కనే మంచమేసుకుని పండుకుంటాంది." "నీళ్ళు చల్లుతాండారా?" "పొద్దన్నే పోస్తాంది." "ఎండ తగల్లేదు గదా?" "ఎండేంది, గాలి గూడా తగలనీల్యా." నేను 'రైతు సహకారం అద్భుతం' అని రిపోర్టు రాసి, అద్భుతం కింద గీత కూడా గీశాను.

పదిహేనో రోజు మేడమ్‌తో జీపు దిగేసరికి తోట గట్టు మీదే ఘుమఘుమ తగిలింది. వెల్లుల్లి, వాము, సాంబ్రాణి. "ఇక్కడెవరైనా ప్రసవించారా?" అంది మేడమ్. నేను షెడ్డు వైపు పరుగెత్తాను. షెడ్డు మూలన పాతచీర తెర కట్టి ఉంది. తెర లోపల ఎరువు కుప్ప, కుప్పకు దుప్పటి, తలాపున (కుప్పకు తలాపు ఎటో అవ్వకే తెలియాలి) బాలింతకు దిష్టి తగలకుండా పెట్టే చీపురూ పాతచెప్పూ. దుప్పటి తీస్తే పచ్చదనం మచ్చుకైనా లేదు, కుప్పంతా పసుపు రంగు.

అవ్వ గర్వంగా చెప్పుకుపోతోంది. "మొదట మూడు దినాలు పసుపు నీళ్ళు, ఉడుకుడుకువి. ఆమైన వాము కషాయం. దినమిడిసి దినం వెల్లుల్లి దంచి పెట్టినా. సందకాడ సాయిబుల అంగట్లో తెచ్చిన సాంబ్రాణి పొగ. సన్నీళ్ళు సుక్క తగలనీల్యా తల్లీ!"

మేడమ్ కుప్పలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి చూసి, మెల్లగా వదిలేసింది. "అమ్మా, బూజును చంపడానికి ఇంతకన్నా మంచి సరుకులు మన వంటింట్లో లేవు. ఇందులో ప్రాణం లేదమ్మా." అవ్వ మంచం మీద కూలబడింది. "ఇంతమందికి పురుడు పోసినా. ఒగ తల్లి గానీ, ఒగ బిడ్డ గానీ నా చేతిలో పోల్యా. ఈ పొద్దు పాయె."

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారమ్మా?" అంటూ మేడమ్ నా వైపు చూసింది. అవ్వ కూడా నన్ను చూసింది. నా ముఖంలో నెత్తుటి చుక్క లేదు కాబోలు. "ఎవురూ చెప్పలా తల్లీ. ముసిల్దాని పైత్యం. ఈ పిల్లోడు పాపం కాగితం సదివినాడు, నేనే ఇనుకోల్యా" అంది.

అబద్ధమెందుకు, నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మనసులో నాలుగంకెలు లెక్కపెట్టేంతసేపు నేను నోరు మెదపలేదు. ఆ నాలుగంకెలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అవ్వ లేచి చీర తెర విప్పుతోంది. గట్టు మీద నిలబడిన ఒకడు, "ఇంక అవ్వ చేతి పని నమ్మేది లేదప్పో!" అని కూశాడు. ఆమె చేతులు ముడి దగ్గరే ఆగిపోయాయి. ఇక నా వల్ల కాలేదు. "అవ్వ కాదు మేడమ్! నేనే! బాలింత మాదిరి చూసుకోమని నేనే చెప్పినా. కాగితంలో లేదు, నా సొంత తెలివి!" అని అరిచాను. ఆ అరుపుకు చీనీ చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

మేడమ్ నన్ను చూసింది, కుప్పను చూసింది, తలాపున చెప్పును చూసింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. మామ నవ్వాడు, గట్టు మీదివాడూ నవ్వాడు, ఆఖరికి అవ్వ కూడా, "ఓరి నీ పాసుగూల, నాతో ఎంత పని జేయిస్తివిరా!" అంటూ నా వీపు మీద ఒకటి చరిచి నవ్వింది. మేడమ్ సంచిలోంచి ఇంకో పాకెట్టు తీసి అవ్వ చేతికే ఇచ్చింది. "చల్లటి నీళ్ళు, తడి గోనెపట్ట, నీడ. అంతే. ఇంకేం పెట్టొద్దు. ఈ అబ్బాయి ఏం చెప్పినా వినొద్దు."

పదమూడో రోజు తెల్లారకముందే ఫోన్ మోగింది. "అబ్బీ, పచ్చగ వచ్చిందిరో! కుప్పంతా పచ్చగ!" అవ్వ కేక. "ఆడబిడ్డా మగబిడ్డా అవ్వా?" అన్నాను. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మరీ ఎండిన చెట్లు పోయాయి గానీ, తక్కినవి ఆ ఏటి వానలకు కొత్త చిగురు వేశాయి. ఆరు నెలలు నిండిన రోజు మేడమ్ నన్ను ఉంచుకోమనే రాసిందట, ఎందుకు రాసిందో నేనడగలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఏ ఎరువుల అంగట్లో అడిగినా ఇలాంటి పాకెట్లు దొరుకుతాయి. రైతులు కొనుక్కుపోతారు, ఎరువులో కలుపుతారు, గోనెపట్ట కప్పి వేరే పని చూసుకుంటారు. అంతా సరిగ్గానే చేస్తారు, బూజు చక్కగా పెరుగుతుంది, తెల్లవారుజామున నాకెవరూ ఫోన్ చెయ్యరు. అవ్వ చేసింది అంతా తప్పే. కానీ దానికి ప్రాణముందని నేను ఆ రోజు మాట బాగుంటుందని అన్నాను, ఆమె నిజంగా నమ్మింది.