ఇరవై మూడు గిన్నెలు, మూడు అట్టపెట్టెలు

ఇంట్లో అక్కర్లేని సామాను తీసేయడానికి ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక మాట ఉందని నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది. డీక్లటర్. అప్పటిదాకా ఆ మాట లేకుండానే నా సంసారం నడిచింది. కాకపోతే ఉద్యోగం కావాలంటే అలాంటి మాటలు రావాలన్నారు.

మాది నరసరావుపేట. నా చదువు ఏడో తరగతితో ఆగింది కానీ, లెక్కలు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. మా బజారులో ఎవరింట్లో శుభకార్యమైనా ముందు నా దగ్గరకు వచ్చి, మూడు వందల మందికి కందిపప్పు ఎంత, నెయ్యి ఎంత అని అడిగి వెళతారు. నేను చెప్పిన ప్రకారం వండితే మిగలదు, చాలకా పోదు. ఆ సంగతి విని, ఊరి చివర ఉన్న ఒక హాస్టల్ వాళ్లు వంటసామాను స్టోరు చూసుకోవడానికి రమ్మన్నారు. నాలుగు వందల మంది పిల్లలు, రోజుకు మూడు పూటలు. ఆ అంకె వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అడ్డు ఒకటే. అక్కడి ప్రిన్సిపాల్ గారిది కేరళ, తెలుగు రాదు. మూడు నెలల్లో ఇంగ్లీషు నేర్చుకుని సర్టిఫికెట్టు తెస్తే ఉద్యోగం నాది, లేకపోతే వేరే మనిషిది.

మా వెనక వీధిలో ఒకమ్మాయి మేడ మీద గదిలో ఆడవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుంది. వయసులో నాకు సగం. అయినా మేడం. క్లాసులో మేం ఆరుగురం. రోజుకు పన్నెండు మాటలు. డెబ్భై రోజులకు ఎనిమిది వందల నలభై అవుతాయని మొదటి రోజే వేసుకున్నాను, అన్నీ నేర్చుకున్నాను కూడా. మాటలు వచ్చాయి, మాట్లాడటమే రాలేదు. వాక్యాన్ని ముందు తెలుగులో నిలబెట్టి, ఒక్కొక్క మాటా మార్చి, మొదటి నుంచి మళ్లీ సరిచూసుకుని అప్పుడు నోరు తెరిచేదాన్ని. ఈలోగా మేడం పక్కావిడను అడిగేసేది.

"ఆంటీ, నేను అడిగింది మీరు పొద్దున ఏం తిన్నారని. పదిహేడో ఎక్కం కాదు" అనేది.

చివరి పాఠం ఇల్లు సర్దుకోవడం మీద వచ్చింది. మూడు అట్టపెట్టెలు తీసుకోవాలి. ఉంచుకునేవి ఒకదాంట్లో, ఎవరికైనా ఇచ్చేసేవి ఒకదాంట్లో, పారేసేవి ఒకదాంట్లో. కీప్, గివ్ అవే, త్రో అవే. ఏడాది పాటు ముట్టుకోని వస్తువు మనకు అవసరం లేనట్టే అని జిరాక్సు కాగితంలో రాసి ఉంది.

"ఏడాదికోసారి వాడేదాన్ని ఏం చెయ్యాల మేడం?" అని మా క్లాసులో గాజుల కొట్టు ఆవిడ అడిగింది. "ఇయ్యేడు పారేసి మళ్లీ ఏడు కొనుక్కోవాలా ఏంది?"

మేడం ఆ సందేహానికి ఇంగ్లీషులో నవ్వింది.

పరీక్ష కూడా ఆ పాఠం మీదే. మేడం ఒక్కొక్కరి ఇంటికీ వస్తుంది. ఒక అలమర ఖాళీ చేసి చూపించి, ఏమేం తీశామో, ఎందుకు తీశామో ఇంగ్లీషులో చెప్పాలి. మాటకు ముప్పై మార్కులు, అలమరకు ఇరవై. మొత్తం మీద పాతిక వస్తే సర్టిఫికెట్టు. నా మాటకు పది మించి రావని నాకు తెలుసు. మిగతా పదిహేనూ అలమర మీదే సంపాదించాలి.

మా వంటింట్లో కిటికీ పక్క అలమర తలుపు తీస్తే ఏదో ఒకటి కింద పడుతుంది. దాన్నే ఎంచుకున్నాను. మొత్తం దించి లెక్కపెడితే స్టీలు డబ్బాలూ గిన్నెలూ కలిపి ముప్పై ఒకటి. అందులో నావి ఎనిమిది. తక్కిన ఇరవై మూడూ ఇరుగుపొరుగువి. అడుగున చుక్కల అక్షరాలతో చెక్కిన పేర్లు చదివితే పద్నాలుగు ఇళ్ల వాళ్లు బయటపడ్డారు. ఎవరో బొబ్బట్లు పంపారు, ఎవరో చలిమిడి పంపారు. తిన్నాం, గిన్నె కడిగాం, ఖాళీ గిన్నె ఎలా పంపుతామని పైన పెట్టాం. అలా ఏళ్లు గడిచాయి.

అట్టపెట్టెలు మూడూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి గిన్నెను ఉంచుకుందామంటే నాది కాదు. దానం చేద్దామన్నా, పారేద్దామన్నా నాది కాదు. ఆ జిరాక్సు కాగితం రాసిన వాళ్ల అలమరలో అన్నీ వాళ్ల గిన్నెలే ఉంటాయి కాబోలు.

తిరిగి ఇచ్చేయడం ఒక్కటే దారి. ఖాళీగా ఇవ్వలేను. గుప్పెడు పంచదార పోసి ఇవ్వవచ్చు కానీ, బొబ్బట్లు తిని పంచదార ఇస్తే ఆ మాట వీధి దాటుతుంది. గిన్నెకు తొమ్మిది చెక్కలు, రెండు సున్నుండలు. రెండు వందల ఏడు చెక్కలు, విరిగేవాటికి మరో ఆరు. నలభై ఆరు సున్నుండలు. గురువారం, శుక్రవారం పొయ్యి దగ్గరే ఉన్నాను. శనివారం పొద్దున సంచీలు పట్టుకుని బయలుదేరాను. సాయంత్రం అయిదింటికి మేడం వస్తుంది.

మొదటి ఇంట్లోనే తేడా తెలిసింది. ఆ పిన్ని రెండు గిన్నెలూ తీసుకుని, నా మొహంలోకి చూసి, "ఏందే, ఇల్లు మారుతున్నారా?" అంది.

"లేదు పిన్నీ, అలమర సర్దుతున్నా."

"అలమర సర్దితే మా గిన్నెలే అడ్డమొచ్చినయ్యా?"

నాలుగో ఇంట్లో వదిన గడప దగ్గరే ఆపేసింది. "ఒక్కసారే అన్నీ తెచ్చిచ్చావంటే ఇక రాకపోకలు వద్దనేగా? మా ఆయనేమన్నా అన్నాడా మీ ఆయన్ని?"

"అదేం లేదొదినా, ఇంగ్లీషు పరీక్ష."

"ఇంగ్లీషు పరీక్షకీ నా గిన్నెకీ ఏంది సంబంధం? చెప్పేదేదో నమ్మేట్టు చెప్పు!"

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇరవై మూడూ పంచేశాను. ఇంటికి వచ్చి, నా ఎనిమిదింటినీ అలమరలో దూరం దూరంగా పేర్చి, తలుపు తీసి, వేసి, మళ్లీ తీసి చూశాను. ఏదీ పడలేదు.

మూడు గంటలకు వదిన వచ్చింది. చేతిలో నా గిన్నె, దాని నిండా పులిహోర. ఆమె వెనకే ఇంకో ఇంటి నుంచి రెండు డబ్బాలు వచ్చాయి. అన్నిటి మీదా నా పేరే ఉంది. మా ఇంట్లో ఎదుటివాళ్లవి ఎన్ని ఉన్నాయో గిన్నె గిన్నెకూ లెక్క వేసినదాన్ని, వాళ్ల ఇళ్లలో నావి ఎన్ని ఉన్నాయన్న సంగతి అసలు తలుచుకోలేదు. ఊరందరి విందులకూ లెక్క చెప్పేదాన్ని, నా సంగతికి వచ్చేసరికి ఒక వైపే చూశాను. వాళ్లు మాత్రం నాకు తీసిపోకూడదని, పట్టుదలగా వెతికి మరీ తెచ్చారు. బూందీ, దద్దోజనం, కొబ్బరి లౌజు. ఒకావిడ వండే తీరిక లేక అరటిపళ్లు తుంచి డబ్బాలో వేసి తెచ్చింది. అందరికీ కోపమే, ఎవరూ ఖాళీగా రాలేదు.

నాలుగున్నరకు లెక్కపెడితే ఇరవై ఆరు. ఉన్న ఎనిమిదితో ముప్పై నాలుగు. సర్దక ముందు కంటే మూడు ఎక్కువ.

మా ఆయన కొట్టు నుంచి టీకి వచ్చి, వంటిల్లంతా చూసి, "పరీక్షా, పెళ్లా?" అన్నాడు.

పెట్టడానికి వేరే చోటు లేక అన్నీ ఆ అలమరలోకే ఎక్కించాను. అయిదింటికి మేడం మార్కుల కాగితంతో వచ్చింది. అలమర తలుపు తీసింది. కొబ్బరి లౌజు డబ్బా ఆమె కాళ్ల దగ్గర పడింది.

ఎన్ని తీసేశారని ఇంగ్లీషులో అడిగింది.

"ట్వెంటీ త్రీ, మేడం."

మరి ఇవేమిటంది. అలమర వైపు చూసి, పాఠం మీకు అర్థమే కాలేదంటూ, ఇరవైకి ఎదురుగా సున్నా వేసింది. నేను చూస్తుండగానే వేసింది. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, పద్నాలుగు గడపలు ఎక్కి మాటలు పడి వచ్చినదానికి సున్నా. నాలుగు వందల మంది పిల్లల స్టోరు కళ్ల ముందే వేరే మనిషి చేతిలోకి పోతున్నట్టు అనిపించింది.

"హౌ కెన్ ఐ త్రో? నాట్ మైన్! హౌ కెన్ ఐ కీప్? నాట్ మైన్!" అన్నాను. తెలుగులో నిలబెట్టుకోలేదు, సరిచూసుకోలేదు. ఎవరు ఎప్పుడు ఏం పంపారో, ఖాళీ గిన్నె ఇస్తే ఎందుకు తప్పో, ఒక్కసారే ఇచ్చినా ఎందుకు తప్పయిందో, ఇరవై మూడు పోయి ఇరవై ఆరు ఎలా వచ్చాయో, ఆ కాగితంలో నాలుగో పెట్టె ఎందుకు లేదో అన్నీ అడిగాను. ఎనిమిది వందల నలభై మాటల్లో చాలా వరకు ఆ సాయంత్రమే వాడి ఉంటాను. వ్యాకరణం ఎన్నిచోట్ల తప్పిందో నాకు తెలియదు.

నేను ఆగాక మేడం మళ్లీ పెన్ను తీసింది. సున్నాను మార్చలేదు. మాటకు ఎదురుగా పాతిక వేసింది.

ముప్పైకి పాతిక నా మాటకే ఇచ్చిందో, గట్టెక్కించడానికి కావలసినన్ని కూడి ఇచ్చిందో నేను అడగలేదు. ఏ లెక్కనైనా రెండుసార్లు సరిచూసే అలవాటు నాది. ఆ ఒక్కదాన్ని అలాగే వదిలేసి, సోమవారం సర్టిఫికెట్టు పట్టుకుని హాస్టల్‌కు వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు కాగితం చూసి, నాలుగు వందల మందికి రేపు పొద్దున ఉప్మా రవ్వ ఎంత కావాలని ఇంగ్లీషులో అడిగారు. ఆమె వాక్యం ముగించేలోపే చెప్పేశాను.