ఉత్త సీసా

పరిశోధనశాలలో ఆమెను అందరూ వేళ్లక్క అనేవారు. కుండీల్లోని టమాటా మొక్కలు పీకి, వేళ్లు కడిగి, వాటి మీద నులిపురుగులు ఎన్ని బుడిపెలు కట్టాయో చూసి చెప్పడమే ఆమె పని. కంటికి ఆనని ఆ పురుగులు మట్టిలోంచి వేళ్లలోకి దూరతాయి. పైకి మొక్క కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం దాని పని అయిపోయి ఉంటుంది. వాటి గుడ్లను చంపే గుణాన్ని ఒక మట్టి బాక్టీరియాలోకి ఎక్కించి, దాన్నే మందుగా చేయాలని అక్కడివాళ్ల తాపత్రయం.

భర్త పోయినప్పటి నుంచి వేళ్లక్కకు ఏదీ అంటడం లేదు. ఫలితాలు బాగున్నాయని తోటివాళ్లు గంతులేసినా ఆమె ముఖం ఒకటే. పరీక్ష అయ్యాక పచ్చగా బతికిన మొక్కల్ని కూడా ఆవిరి యంత్రంలో ఉడికించి పారేసేటప్పుడూ అదే ముఖం. జన్యువులు మార్చిన బాక్టీరియా గుమ్మం దాటకూడదు కాబట్టి ఉడికించాలి, ఉడికించేది. అంతకుమించి ఆలోచన లేదు.

ఆమె అన్నయ్యది టమాటా తోట. ఆ ఏడు దానికీ నులిపురుగు పట్టింది.

"మీ దగ్గర మందు తయారవుతోందిగా, ఒక్క సీసా తేలేవా?" అని ఫోన్ చేశాడు.

"బయటికి ఇవ్వరు అన్నయ్యా."

"ఎవరికీ చెప్పనులే. తోట పోతోందే."

మర్నాడు మళ్లీ ఫోను. ఆ మర్నాడు మళ్లీ. చెవిలో జోరీగలా తయారయ్యాడు మనిషి. ఆ బాక్టీరియా బయటపడితే ఏమవుతుందో, అనుమతులు ఎందుకో విడమరిచి చెప్పొచ్చు. కానీ అన్ని మాటలు మాట్లాడాలంటేనే ఆమెకు నీరసం వచ్చేది.

పరీక్షల్లో ఉత్త సీసాలని కొన్ని ఉంటాయి. అదే రంగు, అదే వాసన, బాక్టీరియా మాత్రం ఉండదు. సగం కుండీలకు అసలుది, సగం కుండీలకు ఈ ఉత్తది పోస్తే తేడా తెలుస్తుంది. అలాంటిదొకటి సంచీలో వేసుకెళ్లి అన్నయ్య చేతిలో పెట్టింది. అబద్ధమాడానని కూడా ఆమెకు అనిపించలేదు. పీడ వదిలిందనుకుని ఇంటికొచ్చి పడుకుంది.

తర్వాత మంచి వానలు పడ్డాయి. ఒకరోజు అన్నయ్య పట్టుబట్టి ఆమెను తోటకు రప్పించాడు.

"చూడవే, ఎలా కళకళలాడుతోందో! పక్క మడిలో ఈ పురుగు పట్టని జొన్న వేద్దామనుకున్నాం. నీ మందు చూశాక అక్కడా టమాటాయే. పొద్దున్నుంచీ మీ వదిన నారు నాటుతోంది."

వేళ్లక్క వంగి ఒక మొక్క పీకింది. మట్టి దులిపింది. వేరంతా బుడిపెలే.

"పాతవేగా అవి?" అన్నాడు అన్నయ్య.

"కొత్తవీ ఉన్నాయి. నేనిచ్చింది మందు కాదు అన్నయ్యా. ఉత్త నీళ్లనుకో. ఈ ఆకులు వానకి వచ్చాయి."

అన్నయ్య నవ్వబోయి ఆగాడు. చెల్లెలు హాస్యమాడి చాలాకాలమైంది మరి.

"ఇవ్వలేనని చెప్పుంటే పోయేదిగా? నేనేమైనా కొట్టేవాణ్ణా?"

"చెప్పే ఓపిక లేకపోయింది."

ఆయన కేకలేసి ఉంటే ఆమెకు తేలికయ్యేది. ఆయన మొక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు ఇవ్వవని నాకు మొదట్లోనే తెలుసు," అన్నాడు నెమ్మదిగా. "బావ పోయాక ఊరికే ఫోన్ చేస్తే నువ్వు ఎత్తట్లేదు. మందు సంగతైతే కాదనడానికైనా ఎత్తుతున్నావు. అందుకే రోజూ అడిగాను. నువ్వు నిజంగా తెచ్చిస్తే, నా తోట మీద నీకు ఇంత ప్రాణం ఉందా అనుకున్నాను."

వేళ్లక్కకు సిగ్గేసింది. ఒళ్లంతా మండేంత సిగ్గు. ఇన్నాళ్లకు ఆమెకు తెలిసిన మొదటి బాధ అదే.

"మీ వదినకి నువ్వే చెప్పు. నావల్ల కాదు," అన్నాడు అన్నయ్య.

పక్క మడిలో సగం దాకా నారు పడింది. వదిన నడుం ఎత్తి ఆడపడుచును చూసి చెయ్యి ఊపింది.

"రా రా! నీ పుణ్యాన ఈసారి గట్టెక్కాం. ఈ సాలు నీ చేత్తో మొదలుపెట్టు!"

"నాటొద్దు వదినా!" వేళ్లక్క తన గొంతు తనకే కొత్తగా వినిపించేలా అరిచింది. "ఆపు, ఇంక నాటొద్దు!"

దూరానికి మాటలు అందినట్టు లేవు. వదిన చేతిలో నారుతో ఇంకా నవ్వుతూనే ఉంది.